వియత్నాం అత్తగారి దగ్గర ఇంటి వంట నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడ వియత్నాం మూలాలున్న అమ్మాయి, పుట్టి పెరిగింది అమెరికాలో. అత్తగారికి 71 ఏళ్లు, వచ్చే నెల నుంచి ఆరు నెలలు మీ ఇంట్లోనే ఉంటారు. ఆవిడ చేసే ఇంటి వంటలు ఆవిడ దగ్గరే నేర్చుకోవాలని మీ ఇద్దరికీ ఉంది. కానీ ఏది ఎంత వేశారని అడిగితే నవ్వేసి "చూసుకుని వేయడమే" అంటారు. యూట్యూబ్ చూసి చేస్తే ఆ రుచి రావడం లేదు. మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఆవిడను ఏమని పిలవాలి?

మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. మా వారి కుటుంబం దక్షిణ వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోని బెన్ చె నుంచి వచ్చింది. కోనసీమ లాగే అదీ కొబ్బరి తోటల సీమ, కాలవల సీమ. మేం శాన్ హోసేలో ఉంటున్నాం. అమెరికాలో మరే నగరంలోనూ లేనంత మంది వియత్నాం వాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, లక్షకు పైనే. 14 ఏళ్లుగా మా అత్తయ్య పక్కన నిలబడి వండుతున్నాను. మొదటి రెండేళ్లూ సరిగ్గా మీరు పడుతున్న ఇబ్బందే పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక విషయం. అత్తగారు కొలత దాచడం లేదు, ఆవిడ దగ్గర కొలత అనేదే లేదు. వియత్నాం భాషలో అచ్చయిన వంటల పుస్తకం తీసినా చాలా వంటలు చివరికి ఒకే మాట దగ్గర ఆగుతాయి: "నేమ్ నేమ్ చో వువా అన్". మొదటి నేమ్ అంటే ఉప్పూ తీపీ పులుపూ వేయడం. రెండో నేమ్ అంటే నాలుక మీద వేసుకుని చూడడం. రెండూ మన చెవికి ఒకేలా వినిపిస్తాయి గానీ పలికే స్వరం, అంటే గొంతు ఎత్తుదించే తీరు, వేరు. వువా అన్ అంటే తినడానికి సరిపోయేట్టు. మన అమ్మ "ఉప్పు చూసి వేసుకో" అంటే మనకు ఎలా అర్థమవుతుంది? ఇరవై ఏళ్లు ఆ పులుసు తిన్నాం కాబట్టి. ఎక్కడ ఆగాలో మన నాలుకకు తెలుసు. వియత్నాం వంటలో ఆ నాలుక మీకు లేదు. కానీ మీ ఆవిడకు ఉంది. తనకు వంట రాకపోవచ్చు, కానీ చిన్నప్పటి నుంచి తిన్న రుచి ఎక్కడికీ పోదు. అందుకే మీ ఇంట్లో నేర్చుకోవడం ఇద్దరి పని: వండేది మీరు, చెంచాతో చూసి "అమ్మ చేసినట్టు లేదు" అని చెప్పేది తను, ఏం తక్కువైందో చెప్పేది అత్తగారు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇందులోనే ఉంది. "ఎంత వేశారు?" అని అడగడం మానేయండి. మీరు చేసినది ఆవిడ ముందు పెట్టి "ఇప్పుడు ఏం తక్కువైంది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు ఏ తల్లి దగ్గరా జవాబు ఉండదు. రెండో ప్రశ్నకు మాత్రం తక్షణం వస్తుంది. మా అత్తయ్య గిన్నెలోకి తొంగిచూసి, చెంచా కొసతో తాకి, "తీపి రెండో అడుగు దాకా వచ్చింది, ఉప్పు ఇంకా గుమ్మంలోనే ఉంది" అన్నారొకసారి. అంతకంటే కచ్చితమైన కొలత నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇక ఏ వంటతో మొదలుపెట్టాలంటే, ఫో అనే నూడుల్స్ సూప్ వద్దు. అందరూ దాంతోనే మొదలుపెడతారు. అది ఎముకలు గంటల తరబడి మరిగే వంట, చాలా ఇళ్లలో ఏ ఆదివారమో, చుట్టాలొచ్చినప్పుడో చేస్తారు, మామూలు రోజుల్లో బయటే తింటారు. రోజూ ఇంట్లో వండేది వేరు. మధ్యలో అన్నం, ఉప్పగా ఒక కూర, పల్చటి చారు లాంటి కాన్, ఉడికించినదో వేయించినదో ఒక ఆకుకూర, అందరూ ముంచుకోవడానికి మధ్యలో ఒక చిన్న గిన్నె. కూర ఎందుకంత ఉప్పగా ఉంటుంది, కాన్ ఎందుకంత తేలిగ్గా ఉంటుంది అన్నది విడివిడిగా తింటే అర్థం కాదు. అన్నీ ఒక పూట కలిపి తింటే తెలుస్తుంది. ఆరు నెలల్లో నాలుగైదు వంటలు చాలు, కానీ ఒక్కొక్కటి కనీసం పదిసార్లు చేయండి. నలభై వంటలు ఒక్కోసారి చూడడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

మొదటి వారం మధ్యలో పెట్టే ఆ చిన్న గిన్నెతోనే గడపండి. నుక్ చమ్ అంటారు: చేపల నుంచి తీసిన నుక్ మామ్, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, వెల్లుల్లి, మిరపకాయ. మా ఇంట్లో నుక్ మామ్, చక్కెర, నిమ్మరసం ఒక్కో పాలు, నీళ్లు నాలుగు పాళ్లు. చక్కెరను ముందు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి చల్లారనిస్తారు, తరువాత నిమ్మరసం, నుక్ మామ్. సన్నగా తరిగిన వెల్లుల్లి, మిరప చివర్లో వేస్తే పైన తేలుతూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మొదట్లో నేను చెంచాతో వట్టిదే రుచి చూసి, ఘాటుగా ఉందని నీళ్లు పోసేదాన్ని. భోజనంలో అది చప్పగా తేలేది. అత్తయ్య నా చేతిలోంచి చెంచా తీసుకుని పాలకూర లాంటి సలాడ్ ఆకు ముక్క ఒకటి ఇచ్చి, దాన్ని ముంచి తినమన్నారు. దేనితో తింటామో దానితోనే రుచి చూడాలి. మన ఆవకాయ వట్టిగా నాకితే ఏం తెలుస్తుంది, అన్నంలో కలిపితేనే కదా. ఈ ఒక్క పని రోజూ మీరే చేస్తానని అడిగి తీసుకోండి. రెండు వారాల్లో ఉప్పు, తీపి, పులుపు మూడూ మీ చేతికి కొంత లొంగుతాయి. మిగతా వంటలన్నీ ఈ మూడింటి మీదే నడుస్తాయి.

రెండో పని, ఒక డిజిటల్ వంట తూకం కొనండి. ఆవిడ వండేటప్పుడు మధ్యలో ఆపి "ఒక్క నిమిషం, కొలుస్తాను" అన్నారంటే చేయి తడబడుతుంది, చిరాకూ వస్తుంది. నేనదే చేసి ఒకసారి మొత్తం వంట పాడుచేశాను. ఇప్పుడు అలా కాదు. వంటకు ముందు నుక్ మామ్ సీసా, చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా తూచి రాసుకుంటాను. ఆవిడ తన ఇష్టప్రకారం వంపుకుంటారు, చల్లుకుంటారు. వంట అయ్యాక మళ్లీ తూస్తాను. తేడాయే కొలత. కొబ్బరి నీళ్లతో చేసే మాంసం కూర ఒకదానికి సీసా మొదట 612 గ్రాములు, తరువాత 541. అంటే కిలో మాంసానికి 71 గ్రాములు. ఇలా ఐదుసార్లు రాసుకున్నాక చూస్తే నుక్ మామ్ 66 నుంచి 74 గ్రాముల మధ్యే ఉంది. 40 ఏళ్లుగా కంటితో చూసి పోస్తున్న చెయ్యి అది. చక్కెర మాత్రం 18 నుంచి 40 దాకా మారింది. ఇదేమిటని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయి, "కొబ్బరి నీళ్లు ఒకసారి తియ్యగా ఉంటాయి, ఒకసారి ఉండవు కదా" అన్నారు. ఆవిడ చక్కెర కొలవడం లేదు, కొబ్బరి నీళ్లలో ఉన్న తీపికి మిగతాది జత చేస్తున్నారు. యూట్యూబ్‌లో "రెండు చెంచాల చక్కెర" అని ఉంటుంది తప్ప ఈ సంగతి ఉండదు.

ఆ వంట పేరు థిత్ ఖో. కొబ్బరి నీళ్లలో పంది మాంసం, ఉడికించిన కోడిగుడ్లు లేదా బాతుగుడ్లు కలిపి సన్నసెగ మీద మగ్గించే కూర. వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం తెత్. ఆ పండక్కి దక్షిణాదిలో పెద్ద గిన్నెడు వండి, బజార్లు మూసి ఉండే ఆ నాలుగు రోజులూ వేడి చేసుకుంటూ తింటారు. రోజు గడిచేకొద్దీ రుచి పెరుగుతుంది. ఇది ఒక్కటి బాగా వస్తే ఖో, అంటే ఇలా మగ్గించే కూరల కుటుంబం మొత్తం వచ్చినట్టే. పంది మాంసం తినకపోతే కోడిమాంసంతో అల్లం వేసి చేసే ఖో ఉంది, చేపతో మట్టి గిన్నెలో చేసేది ఉంది, టోఫుతోనూ చేస్తారు. బౌద్ధం పాటించే ఇళ్లలో పౌర్ణమికీ అమావాస్యకీ శాకాహారం తినే అలవాటు ఉంది, మా అత్తయ్య ఆ రోజుల్లో టోఫు ఖో చేస్తారు. శాకాహారులైతే ఆవిడ వంటల్లో ఆ భాగం ప్రత్యేకంగా అడగండి, మనవాళ్లకు బాగా నచ్చుతుంది.

ఖోలో ప్రాణమంతా నుక్ మావ్ అనే మాడబెట్టిన చక్కెర పాకంలో ఉంది. ఇది చదివితే వచ్చేది కాదు, అయినా నేను చూసింది చెప్తాను. చిన్న మందపాటి గిన్నెలో రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా నూనె. మధ్యస్థంగా మంట. మొదట ఏమీ జరగదు. తరువాత అంచుల్లో కరుగుతుంది, లేత పసుపు, తేనె రంగు, టీ డికాక్షన్ రంగు. ఇక్కడ అందరికీ భయమేసి స్టవ్ ఆపేస్తాం. అత్తయ్య ఆపనివ్వరు. పెద్ద బుడగలు చిన్న నురగగా మారతాయి, సన్నటి పొగ తేలుతుంది, తీపి వాసనలో చేదు వాసన కొద్దిగా కలుస్తుంది. అప్పుడు రంగు బొద్దింక రెక్కలా ఉండాలి. ఇది నా పోలిక కాదు, వియత్నాం వంటల్లో ఈ ముదురు ఎరుపు గోధుమ రంగుకు అందరూ వాడే పేరే అది. ఆ క్షణంలో గిన్నె మంట మీద నుంచి తీసి, చెయ్యి దూరంగా పెట్టి, వేడి నీళ్లు కొద్దిగా పోయాలి. భగ్గుమని చిమ్ముతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. మరో పది సెకన్లు ఆగితే చేదు, పది సెకన్ల ముందు తీస్తే రంగు లేదు, తీపి ఎక్కువ. నేను ఎనిమిదిసార్లు మాడ్చాను. చక్కెర ఖరీదైనది కాదు, మాడనివ్వండి. మాడినదాన్ని, పచ్చిదాన్ని, సరైనదాన్ని మూడు గిన్నెల్లో పక్కపక్కన పెట్టి నాలుకతో తాకి చూశాకే నాకు ఆ రంగు కంటికి పట్టుబడింది.

మిగతాది తేలికే. మాంసం రెండు అంగుళాల పెద్ద ముక్కలు, ఉడికితే కుంచించుకుపోతాయి కాబట్టి చిన్నవి కోయకండి. వెల్లుల్లి, చిన్న ఉల్లి, సగం నుక్ మామ్ పట్టించి ఒక గంట పక్కన పెట్టాలి. కొంచెం వేయించి, నుక్ మావ్ కలిపి, కొబ్బరి నీళ్లు పోసి, పొంగు వచ్చినప్పుడు పైకి తేలిన నురగ ఓపిగ్గా తీసేయాలి. గుడ్లు వేసి, మూత పెట్టకుండా సన్నసెగ మీద గంటన్నర, రెండు గంటలు. మూత పెడితే రసం మసకబారుతుందని ఆవిడ పట్టింపు. మిగతా సగం నుక్ మామ్ చివర్లో, రుచి చూసుకుంటూ. పక్కన ఊరవేసిన పెసర మొలకలు. మాంసం కొవ్వుకు ఆ పులుపు లేకపోతే రెండో ముద్ద దిగదు.

ఇప్పుడు భాష సంగతి. ఇది మన తెలుగువాళ్లు తప్పకుండా చదవాలి. నేను మొదట్లో అన్నీ తెలుగు లిపిలో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. నిజానికి మన లిపి చాలావరకు సాయం చేస్తుంది. థిత్‌లో థ, ఖోలో ఖ మనకు సహజంగా పలుకుతాయి. మన అక్షరమాలలో ఏ మాటకూ మొదట రాని ఙ కూడా అక్కడ పనికొచ్చింది: ఙో ఓమ్ అనే ఆకు, అమ్మమ్మను పిలిచే బా ఙ్వాయ్. కానీ స్వరాలు మన లిపిలో లేవు. దాని ఫలితం ఒకరోజు చూశాను. అత్తయ్య కాన్ చువా అనే పుల్లటి చారు చేద్దాం, "మె" తీసుకురా అన్నారు. నోట్‌బుక్‌లో "మె: నువ్వులు" అని ఉంది. అరగంట వెళ్లి నువ్వుల ప్యాకెట్ తెచ్చాను. ఆవిడ అడిగింది చింతపండు. స్వరం ఎత్తుదించకుండా మె అంటే చింతపండు, కిందికి దించి అంటే నువ్వులు, దించి లేపితే ఉత్తరాదిలో పులుపు కోసం వాడే పులిసిన అన్నం. ఒకే కూరలో ఈ మూడింట్లో దేన్ని వేస్తారన్నది కూర పేరునే మార్చేస్తుంది. "దూఅ"తోనూ అంతే, స్వరాన్ని బట్టి కొబ్బరి అవుతుంది, ఊరగాయ అవుతుంది, ఉత్తరాది వాళ్ల నోట అనాస అవుతుంది. అందుకని ప్రతి పదార్థం పేరూ ఆవిడ గొంతుతో ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, పక్కన ఫొటో పెట్టుకోండి, వీలైతే వియత్నామీయ లిపిలో గుర్తులతో సహా మీ ఆవిడ చేత రాయించుకోండి. ఫోన్‌లో అనువాదం యాప్‌ను నమ్మకండి. కాన్ చువాలో వేసే బాక్ హా అనే కాడను అది పుదీనా అని చెప్తుంది, ఎందుకంటే పుస్తక భాషలో ఆ మాటకు అర్థం పుదీనాయే. దక్షిణాది వంటింట్లో మాత్రం అది మన చేమ జాతికి చెందిన లావుపాటి, స్పాంజిలాంటి కాడ.

కాన్ చువా అంటే పుల్లటి కాన్. తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది, అన్నిటికంటే మోసం చేసేది ఇదే. చేప, చింతపండు, బెండకాయ, టమాటా, చేమ కాడ. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది మా అమ్మ చేపల పులుసే కదా, నాకు ఎవరూ నేర్పక్కర్లేదు అనుకుని, అత్తయ్యను కూర్చోబెట్టి నేనే చేశాను. చింతపండు రసం చిక్కగా తీసి, బాగా మరగబెట్టి, ముక్కలన్నీ వేసి, సెగ తగ్గించి, నూనె తేలేదాకా ఉంచాను. ఆవిడ రెండు చెంచాలు తిని, చాలా మర్యాదగా, "ఇది బాగుంది. కానీ ఇది ఖో అయింది, కాన్ కాలేదు" అన్నారు. మర్నాడు పక్కన నిలబెట్టి చూపించారు. చింతపండు పల్చగా, అనాస ముక్కల తీపితో కలిసి నీళ్లు తేటగా ఉండాలి. చేప ఉడకగానే బయటికి తీసి పళ్లెంలో పెట్టి, పైన నుక్ మామ్, మిరపకాయ. ముందు అనాస, టమాటా, తరువాత బెండకాయ, చేమ కాడ, మొలకలు స్టవ్ ఆపే ముందు. కాడను ముందే ఉప్పుతో నలిపి, కడిగి, పిండాలి, లేకపోతే గొంతు దురద పెడుతుంది, ఆ సంగతి మనకు చెప్పక్కర్లేదు. దింపాక ఙో ఓమ్ ఆకు, వేయించిన వెల్లుల్లి. మొత్తం ఇరవై నిమిషాలు. మన పులుసు రేపటికి రుచి పెరుగుతుంది. ఇది ఇప్పుడే తినాలి, మొలకలు కరకరమంటుండగా. మనకు తెలిసిన పదార్థాలు కనిపించిన చోటే మన చేతివాటం ఎక్కువ అడ్డం వస్తుంది. అలాంటి వంటలు ముందు చూడండి, తరువాత చేయండి.

నుక్ మామ్ గురించి ఒక మాట. వాసన చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. గోదావరి జిల్లాల్లో ఎండుచేపల మధ్య పెరిగిన నాకు అంత ఇబ్బంది అనిపించలేదు. మంచిది ఎంచుకోవడం కష్టం కాదు: సీసా మీద చేపలు, ఉప్పు తప్ప వేరే ఏమీ ఉండకూడదు. సుమారు మూడు పాళ్ల చిన్న చేపలకు ఒక పాలు ఉప్పు కలిపి పెద్ద చెక్క తొట్టెల్లో ఏడాది దాకా మాగబెట్టి తీస్తారు. ఫు క్వొక్ దీవి, ఫాన్ థియెత్ తీరం దీనికి పేరున్న చోట్లు. 2012లో యూరోపియన్ యూనియన్ ఫు క్వొక్ నుక్ మామ్ పేరుకు రక్షణ కూడా ఇచ్చింది. లేబుల్ మీద 30, 40 అని కనిపించే అంకె నైట్రోజన్ మోతాదు, అంటే ఎంత చిక్కనిదో. ముంచుకోవడానికి ఎక్కువ అంకెది, మరిగించే కూరలకు తక్కువది చాలు. అయితే అత్తగారు ఏది వాడుతుంటే అదే కొనండి. ఉప్పదనం సీసాను బట్టి మారుతుంది, మీ తూకం లెక్కలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

బజారుకు ఆవిడతో మీరే వెళ్లండి. నా అనుభవంలో సగం పాఠం కొట్లోనే జరుగుతుంది. ఏ ఆకు వాసన చూసి పక్కన పెట్టేశారు, చేప కన్నులో ఏం చూశారు, మాంసంలో కొవ్వు గీత ఎంత మందంగా ఉన్నది ఎంచుకున్నారు, ఇవన్నీ స్టవ్ దగ్గరికి వచ్చేసరికి కనిపించవు.

వీడియో తీయాలనుకుంటే ముఖం తీయకండి, చేతులు తీయండి. ఆవిడ అనుమతి అడిగి, ఫోన్‌ను స్టవ్ పైన అల్మరాకు ఏదైనా స్టాండుతో బిగించి వదిలేయండి. ముఖం ముందు ఫోన్ పట్టుకుంటే వంట చేసే మనిషి మారిపోయి ఉపన్యాసం ఇచ్చే మనిషి అవుతుంది. అసలు కబుర్లు వంటప్పుడు రావు, ఆకులు తుంచేటప్పుడు వస్తాయి. వియత్నాం భోజనానికి తులసి జాతివి, పుదీనా, రావ్ రమ్, తియా తో, ఇలా పచ్చి ఆకులు పళ్లెం నిండా ఉంటాయి. వాటిని ఒలవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట ఆవిడ పక్కన నేల మీద కూర్చోండి. మా అత్తయ్య 1980లో దేశం వదిలి పడవ ఎక్కడానికి ముందు రోజు వాళ్ల అమ్మ ఏం వండిపెట్టిందో నాకు ఒక సాయంత్రం రావ్ రమ్ తుంచుతూ చెప్పారు. ఆ కూర మా వారు అప్పటికి తినలేదు, పేరు కూడా వినలేదు. వారం తరువాత ఇద్దరం కలిసి చేశాం.

మీ ఆవిడ "అసలైన పద్ధతి ఇది కాదట, నెట్‌లో వేరేలా ఉంది" అంటే దాని గురించి టెన్షన్ పడకండి. ఉత్తరాన, మధ్యన, దక్షిణాన ఒకే వంటకు మూడు దారులున్నాయి, పేర్లూ వేరు. ఉత్తరాది ఫో 1954 తరువాత వలస వెళ్లినవాళ్లతో దక్షిణాదిలో పాతుకుని మొలకలు, తులసి ఆకులు, తీపి సాస్ కలుపుకుంది. ఇటు అమెరికా వచ్చిన కొత్తల్లో కొబ్బరి నీళ్లు దొరక్క చాలా ఇళ్లలో థిత్ ఖోకు కొబ్బరి రుచి సోడా పోసేవాళ్లు. మా వారి నాలుకకు ఆ సోడా రుచే చిన్ననాటి రుచి. అందుకని మా నోట్‌బుక్‌లో రెండూ ఉన్నాయి, ఒకటి "బెన్ చె అమ్మమ్మది", ఒకటి "1986, అపార్ట్‌మెంట్‌ది". మీ అత్తగారి వంట మీ అత్తగారిదే. ఆవిడ చేసినట్టే రాయండి, తేదీ వేయండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి అది కూడా రాయండి.

పిలుపు గురించి కూడా అడిగారు కాబట్టి చెప్తాను. దక్షిణాది కుటుంబమైతే అమ్మను "మా" అంటారు, ఉత్తరాది అయితే "మె" అని దించి, నువ్వుల మెలా సాగదీయకుండా చప్పున ఆపి పలుకుతారు. అల్లుడు కూడా అలాగే పిలుస్తాడు, తనను తాను "కొన్", అంటే బిడ్డ, అని చెప్పుకుంటాడు. మొదట్లో నాకు నోరు తిరగక, గౌరవంగా ఉంటుందని ఇంగ్లిష్‌లో ఆంటీ అనేదాన్ని. "మా" అని పిలిచిన రోజు నుంచి నా చేతిలో కత్తి పట్టుకునే తీరు కూడా సరిదిద్దడం మొదలుపెట్టారు. పరాయి పిల్లను సరిదిద్దరు కదా. తినే ముందు పెద్దవాళ్లను తినమని ఆహ్వానించే మాట ఒకటి ఉంటుంది, అది మీ ఆవిడ దగ్గర నేర్చుకుని మొదటి రోజే అనండి. ఇక అన్నానికి నీళ్లు వేలి గణుపుతో కొలవడం చూస్తే మీ అమ్మ గుర్తొస్తారు, అక్కడా అంతే, ఇక్కడా అంతే.

చివరగా నేను చేయలేకపోయిన పని ఒకటి చెప్పాలి. తెత్‌కి దక్షిణాదిలో బాన్ తెత్ చేస్తారు. నానబెట్టిన జిగురు బియ్యం, పొట్టు తీసిన పెసరపప్పు, కొవ్వు మాంసం అరటి ఆకులో దుంగలా చుట్టి, దారంతో బిగించి, రాత్రంతా ఉడికిస్తారు. మా ఇంట్లో అది మామయ్య పని. ఏటా గరాజ్‌లో చాప వేసుకుని కూర్చుని 20 చుట్టేవారు. నేను అత్తయ్య వంటలన్నీ తూచి రాసుకుంటున్న ఆ ఏళ్లలో, ఆయన పక్కన కూర్చుని టీ ఇచ్చి లేచిపోయేదాన్ని. ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే అనుకున్నాను. 2019లో ఆయన పోయారు. తరువాతి తెత్‌కి బియ్యం ఎంత, పప్పు ఎంత, ఎన్ని గంటలు అన్నీ అత్తయ్యకు తెలుసు. ముడి ఎవరికీ తెలియదు. మేం కట్టినవి ఉడుకుతూ ఉబ్బి, మధ్యలో పగిలి, నీళ్లు లోపలికి పోయి గంజిలా అయ్యాయి.

రెండేళ్లు అలాగే అయింది. మా ఊళ్లో పనసాకులతో పొట్టిక్కల బుట్టలు కుట్టడం చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర చూశాను కాబట్టి ఆకు మడతలు నాకు కొంత అలవాటే, కానీ ఆ దారం బిగువు వేరు. మూడో ఏడు మా వారు పాత ఫోన్ తిరగేస్తుంటే మనవరాలి పుట్టినరోజు వీడియో ఒకటి కనిపించింది. పాప గరాజ్‌లో పరిగెడుతూ ఉంటుంది. వెనక మూల మామయ్య చేతులు, నాలుగు సెకన్లు. ఎడమ బొటనవేలి కింద దారం కొస నొక్కిపెట్టి, దుంగను మోకాలికి ఆనించి, కుడిచేత్తో దారాన్ని దుంగ చుట్టూ తిప్పి, ప్రతి చుట్టులోనూ కొసను కింద నుంచి లాగుతున్నారు. ఆ నాలుగు సెకన్లు కొన్ని వందలసార్లు చూసి ఉంటాం. నిరుడు మేం చుట్టిన 12లో 9 పగలకుండా వచ్చాయి. వాటిని కత్తితో కోయరు, కట్టిన దారంతోనే చుట్టి లాగి ముక్కలు చేస్తారు. మొదటి ముక్క మామయ్య ఫొటో ముందు పెట్టాం.

మీ ప్రశ్నలో మామగారి మాట లేదు. ఆయన ఉంటే, ఆయన చేతికి కూడా ఏదో ఒక వంట ఉండి ఉంటుంది. అత్తగారు రాగానే అది కూడా అడగండి.